పెళ్లి బాకీకి టర్కీ కోడి

ఆదివారం పొద్దున్నే సంత మొదలవుతుంది. రంగుల శాలువాలు చుట్టుకున్న ఆడవాళ్లు చంకలో ఒక్కో టర్కీ కోడిని ఇరికించుకుని నిలబడి ఉంటారు. మరికొన్ని కాళ్లకు తాడుతో నేలమీద బుద్ధిగా కూర్చుని ఉంటాయి. కొనడానికొచ్చిన ఆవిడ ధర అడగదు. ముందు రొమ్ము ఎముక తడిమి చూస్తుంది. కళ్లలో నీరుందా, ముక్కు కారుతోందా, తోక కింద ఈకలకు రెట్ట అంటుకుందా... అన్నీ అయ్యాకే బేరం!

దక్షిణ మెక్సికోలో వహాకా నగరానికి తూర్పున 30 కిలోమీటర్ల దూరంలో ఉన్న త్లాకోలూలా సంత ఇది. చుట్టుపక్కల లోయలోని జపోతెక్ పల్లెలన్నీ ఆదివారం ఇక్కడే ఉంటాయి. మనం టర్కీ అని పిలిచే ఈ పక్షికీ ఆ దేశానికీ ఏ సంబంధమూ లేదు. దీని పుట్టిల్లు మెక్సికో. చిత్రమేంటంటే టర్కీ దేశస్థులు దీన్ని 'హిందీ' అంటారు, మన దేశం నుంచి వచ్చిందనుకుని! నిజానికి మనకే అది విదేశీ వింత. 1612లో గోవా నుంచి తెచ్చిన ఒకదాన్ని చూసి ముచ్చటపడ్డ జహంగీర్ చక్రవర్తి, ఆస్థాన చిత్రకారుడు మన్సూర్‌తో బొమ్మ గీయించాడు.

త్లాకోలూలాకు దగ్గర్లోనే మిత్లా ఉంది. అక్కడి పాత ఇళ్ల తవ్వకాల్లో 1,500 ఏళ్ల నాటి టర్కీ గుడ్లూ, పిల్లల ఎముకలూ బయటపడ్డాయి. అంటే అప్పటికే ఇవి పెరటి పక్షులు. ఇప్పటికీ అంతే. స్థానికంగా గ్వాహొలోతె అనే ఈ కోళ్లు లేని ఇల్లు ఈ పల్లెల్లో తక్కువ. వాటి పెంపకం, అమ్మకం, ఆ డబ్బు... అంతా ఆడవాళ్ల చేతిలోనే.

డబ్బుకంటే పెద్ద సంగతి ఇంకోటుంది. మన పెళ్లిళ్లలో చదివింపులు పుస్తకంలో రాసుకుని, వాళ్లింట్లో శుభకార్యం వచ్చినప్పుడు తిరిగి పెట్టడం తెలిసిందేగా! ఇక్కడా ఆ పుస్తకం ఉంటుంది. కాకపోతే అందులో నూటపదహార్లకు బదులు టర్కీ కోళ్లుంటాయి. ఈ ఇచ్చిపుచ్చుకోవడాన్ని గెలాగెట్సా అంటారు. తివాచీల నేతకు పేరుపడ్డ తియోతిత్లాన్ లాంటి ఊళ్లలో ఎవరు ఎన్ని కోళ్లిచ్చారో, ఒక్కోటి ఎంత తూగిందో రాసుకుంటారు. ఎన్నేళ్లయినా సరే, అంతే బరువు తిరిగివ్వాల్సిందే. పెళ్లంటే ఊరంతటికీ భోజనం. ఎండుమిరపకాయలు, మసాలాలు, కాస్త చాక్లెట్ కలిపి నూరిన నల్లటి మోలె పులుసులో టర్కీ ముక్క పడకపోతే అది విందే కాదు. ఈ కోడిని చేతుల్లో పట్టుకుని చేసే నాట్యం కూడా ఇక్కడి పెళ్లి వేడుకల్లో ఒకటి.

అందుకే కోడి జబ్బు పడితే ఇల్లాలి ముఖం వాడిపోతుంది. కోడి పోతుంది, బాకీ మాత్రం పుస్తకంలో అలాగే ఉంటుంది మరి.

టర్కీ పిల్లను బతికించడం అంత తేలిక కాదు. 28 రోజులు పొదిగితే బయటికొచ్చే ఆ పిల్లకు మేత వెతుక్కోవడం సరిగా చేతకాదు. ఎదురుగా గింజలున్నా తినక చచ్చిపోయేవి ఉంటాయి. మొదటి వారాల్లో ఉడికించిన గుడ్డు చిదిమి, ఆకుకూర సన్నగా తరిగి, సున్నపు నీళ్లలో ఉడికించి రుబ్బిన మొక్కజొన్న ముద్ద కలిపి, ముక్కు దగ్గర పెట్టి మరీ అలవాటు చేయాలి. ఒళ్లంతా నూగే కాబట్టి నాలుగు చినుకులు పడితే చలికి ముడుచుకుపోతుంది. వాన పడుతుంటే నోరు తెరిచి పైకి చూస్తూ మునిగి చస్తాయన్నది ఉత్త కట్టుకథ. చంపేది చలే.

ఈ తిప్పలు పడలేక చాలామంది గుడ్లను నాటుకోడి కింద పొదిగిస్తారు. కోడి నేల గీరి తిండి చూపిస్తుంది. పిల్లలు దాన్ని చూసి నేర్చుకుంటాయి. బాగానే ఉంది కదా... అసలు చిక్కు ఇక్కడే! నాటుకోళ్ల పేగుల్లో ఉండే ఓ రకం నులిపురుగు గుడ్లలో కంటికి కనిపించని సూక్ష్మజీవి దాగి ఉంటుంది. కోడికి దానివల్ల పెద్దగా నష్టం ఉండదు. రెట్టతోపాటు నేలమీద పడి, మట్టిలో ఏళ్ల తరబడి ఉంటుంది. వానపాములూ దాన్ని మోస్తాయి. ఆ వానపామును టర్కీ తిందంటే కథ ముగిసినట్లే. కాలేయం పాడవుతుంది, రెట్ట గంధకంలా పచ్చగా పడుతుంది, రెక్కలు వేలాడేసుకుని కొద్దిరోజుల్లోనే ప్రాణం వదులుతుంది. నల్లతల జబ్బంటారు. ఆ పేరుకు తగ్గట్టు తల నల్లబడటం మాత్రం ప్రతిసారీ జరగదు. దీనికి టీకా లేదు. కోళ్లనూ టర్కీలనూ వేర్వేరుగా ఉంచమంటారు పశువైద్యులు. ఒక్క పెరడున్న ఇంట్లో వేరుగా అంటే ఎక్కడ? పైగా పెంచి పెద్దచేసిన తల్లి ఆ కోడే.

మన పల్లెల్లో కొక్కెర తెగులు అనేదీ ఇక్కడ ఉంది. మెడ మెలితిరిగి, కాళ్లు పడిపోయి, ఒక ఇంట మొదలై వీధి చుట్టేస్తుంది. దీనికి టీకా ఉంది. కానీ సీసాలో మందు వందల కోళ్లకు సరిపడా వస్తుంది, విప్పితే ఆ పూటే వాడెయ్యాలి, చల్లగా ఉంచాలి. పది పక్షులున్న ఇల్లాలు ఒక్కతే దాన్ని కొని ఏం చేసుకుంటుంది? నలుగురు కలిసి వేయించుకుంటే తప్ప కుదరదు. వానాకాలం దోమలు పెరిగితే ముఖం మీదా తురాయి మీదా పొక్కులు పోసే మశూచి వస్తుంది. ఇంటి వైద్యం మామూలే. వెల్లుల్లి, ఉల్లిపాయ, నిమ్మరసం. ముక్కు కారినప్పుడు వీటితో పక్షికి కాస్త ఉపశమనం దొరుకుతుందేమో గానీ, కొక్కెర తెగులూ నల్లతలా ఆగవు.

సంతతోనూ భయమే. పది ఊళ్ల పక్షులు ఒకేచోట చేరతాయి. అమ్ముడుపోనివి సాయంత్రం ఇంటికి తిరిగొస్తాయి, ఏం అంటించుకొచ్చాయో ఎవరికీ తెలియదు. కొత్తగా కొన్నదాన్ని రెండు మూడు వారాలు మందకు దూరంగా ఉంచడం మంచిది.

మధ్యాహ్నం దాటేసరికి త్లాకోలూలా బస్సుల్లో సంచుల్లోంచి టర్కీ తలలు బయటికి తొంగి చూస్తుంటాయి. ఇల్లు చేరాక కొత్త కోడి కాలికి తాడు కట్టి పెరటి మూల చెట్టుకు కట్టేస్తారు. కాసేపటికే నాటుకోళ్లు చుట్టూ చేరి దాని ముందున్న జొన్నగింజలు ఏరుకోవడం మొదలుపెడతాయి.