పెద్దపేగు పేరుకే పెద్ద

దసరా సెలవులకు ముందు యూనిట్ పరీక్షలో నేను రాసిన జవాబు మీకందరికీ తెలుసు. తెలియనివాళ్లుంటే ఐదో తరగతి పిల్లలను అడగండి, వాళ్లు కూడా చెప్తారు. "మన ఒంట్లో పొడవైన పేగు ఏది?" అని ప్రశ్న. నేను "పెద్దపేగు" అని రాసిన. పెద్దది పొడుగుంటదా, చిన్నది పొడుగుంటదా మీరే చెప్పండి! సైన్సు సారు సున్నా పెట్టి ఊరుకోలేదు, నా పేపరు క్లాసులో అందరి ముందర చదివిండు. ఆ రోజు నుంచి మెస్సు లైన్లో నా పేరు పెద్దపేగు.

ఆ రోషంతోనే ఆ పాఠం మూడుసార్లు చదివిన. చిన్నపేగు సుమారు 6 మీటర్లు ఉంటుంది. పెద్దపేగు మీటరున్నర. లావు ఎక్కువ కాబట్టి దానికి ఆ పేరు పెట్టిండ్రు. మన డార్మెటరీలో కూడా అందరం "పెద్దన్న" అని పిలిచేటాయన ఎత్తు ఎంతో మీరు చూసిందే. పేరు రాయను, పొద్దున బకెట్టు ఆయన దగ్గరే అడుక్కోవాలె.

ఇంకో ముచ్చట. రాత్రి అన్నం గంటకు ముందు స్టడీ అవర్లో నా కడుపు గుడగుడమంటే మీరంతా నవ్విండ్రు గదా. అది ఏడుపు కాదు, ఊడ్చే చప్పుడు. కడుపు ఖాళీగా ఉన్నప్పుడు గంటన్నరకో రెండు గంటలకో ఒకసారి జీర్ణాశయం, చిన్నపేగు గట్టిగా ముడుచుకుంటూ మిగిలిన తునకలను కిందికి నెట్టేస్తయి. మెస్ డ్యూటీ వాళ్లు మనం తిన్నంక చీపురు పట్టినట్టే. గాలి, నీళ్లు కలిసి కదులుతయి కాబట్టి చప్పుడు. మన డ్యూటీ వాళ్ల కంటే అదే నయం, రోజూ తప్పకుండా ఊడుస్తది.

ఇగ అసలు సంగతికి వస్త. మనం గుడ్డు కోసం లైన్లో తోసుకుంటం. గుడ్డు మింగినంత మాత్రాన ఒంట్లోకి పోయినట్టు కాదు. నోటి నుంచి కింది దాకా ఒక్కటే గొట్టం. గొట్టంలో ఉన్నంతసేపు అది గేటు బయట ఉన్నట్టే లెక్క. చిన్నపేగు గోడ దాటితేనే రక్తంలో కలిసేది. ఆ గోడ నిండా తువ్వాల మీది పోగుల లాగ సన్నని చూషకాలు ఉంటయి. గోడ పాడైతే ఎంత తిన్నా మనిషి ఎండిపోతడు.

స్ప్రూ అనే జబ్బు అట్లాంటిదే. భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారి అన్న ఆ జబ్బుతోనే చనిపోయిండట. సుబ్బారావు గారు మద్రాసులో వైద్యం చదివి 1923లో అమెరికా పోయిండు. ఆయన నడిపిన పరిశోధకులు 1945లో ఫోలిక్ ఆమ్లాన్ని తయారు చేసిండ్రు. అది స్ప్రూకు మందైంది. ఇది సారు చెప్తుంటే నేను కిటికీలోంచి బయటికి చూస్తున్న. ఒక్క ముక్క మాత్రం చెవిలో పడ్డది. పేగు గేటు దగ్గర ఉప్పును, చక్కెరను జంటగా లోపలికి తీసుకుపోయే దారి ఒకటుంటదని. మన వాచ్‌మన్ సెలవులప్పుడు పిల్లగాణ్ణి ఒక్కణ్ణే పంపడు, వెంట తల్లో తండ్రో ఉంటేనే గేటు తీస్తడు గదా, అట్ల. రెండూ కలిసి పోతే వాటి వెనక నీళ్లు పోతయి.

సెలవులకు తండాకు పోయిన మూడో రాత్రి మా తమ్మునికి వాంతులు, బేదులు మొదలైనయి. వానికి నాలుగేండ్లు. బాపు పట్నంల పనికి పోయిండు. నడిరాత్రికి వాని కండ్లు లోపలికి గుంజుకపోయినయి. ఏడుస్తుండు గాని కన్నీళ్లు రావట్లేదు. నీళ్లు నీళ్లని అడుగుతుండు. మా దాది ఇయ్యనియ్యలేదు. "తాగినకొద్దీ పోతది, కడుపు ఎండబెట్టాలె" అన్నది. యాడి దాది మొఖం చూస్తది, నా మొఖం చూస్తది.

నాకు కాళ్లు వణికినయి. సున్నా వచ్చినోని మాట ఎవరింటరు? అయినా చెప్పిన. మన పేగుల్లోకి రోజుకు 8, 9 లీటర్ల నీళ్లు వస్తయి. తాగేది 2 లీటర్లయితే మిగిలింది ఒంట్లోంచి ఊరేదే. దాదాపు అంతా మళ్లా లోపలికే పోవాలె. వీనికి పోతలేదు, నీళ్లాపితే ఒళ్లు ఎండిపోతది అన్న. దాది ఏమీ అనలేదు. యాడి లేచి పొయ్యి ముట్టించింది.

కాచి చల్లార్చిన లీటరు నీళ్లల్ల ఆరు చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు వేసి కలిపిన. చెంచాలు నున్నగా గీసి కొలిచిన. సైన్సు ల్యాబులో కూడా అంత జాగ్రత్తగా ఎప్పుడూ కొలవలేదు. మొదటి చెంచాలు కక్కేసిండు. "చూసినవా?" అన్నది దాది. పది నిమిషాలు ఆగి మళ్లా మొదలుపెట్టిన. ఒక్కొక్క చెంచా, మెల్లగ. ఎన్ని చెంచాలో లెక్క తప్పిన.

తెల్లవారుజామున వాడు నా ఒళ్లోనే ఉచ్చ పోసిండు. నా కొత్త దసరా ప్యాంటు మీద! మా ఇంట్లో ఉచ్చకు అంత సంతోషపడింది అదొక్కసారే. తెల్లారినంక ఆశా అక్క ఓఆర్ఎస్ పాకెట్లు, జింకు గోలీలు తెచ్చింది. ఆటోలో దవాఖానకు తీసుకపోయినం. మూడో రోజుకు జొన్నరొట్టె అడిగిండు.

ఆ సాయంత్రం దాది నా పక్కన కూసున్నది. బాపు కంటే ముందు ఆమెకు ఒక ఆడపిల్ల పుట్టి, ఇట్లనే బేదులతోనే పోయిందట. నాకు అప్పటిదాక తెల్వదు. "అది గూడ నీళ్లడిగింది" అన్నది. ఇంకేం చెప్పలేదు. నేను కూడా అడగలేదు.

హాస్టలుకు వచ్చినంక సారుకు చెప్పిన. సారు కుర్చీలోంచి లేచి నా భుజం మీద చెయ్యేసిండు. 1971లో బంగ్లాదేశ్ యుద్ధమప్పుడు బంగావ్ శిబిరంలో కలరా వస్తే, సెలైన్ సీసాలు చాలక దిలీప్ మహలనబిస్ అనే డాక్టరు ఉప్పు, గ్లూకోజు నీళ్లు కలిపి వేల మందికి తాగించిండట. అంతకుముందు నూటికి 30 మంది దాక పోతుంటే, తర్వాత నలుగురి కంటే తక్కువైనరట. ఆయన 2022లో చనిపోయిండు, 2023లో పద్మవిభూషణ్ ఇచ్చిండ్రు.

అంతా చెప్పినంక, "సార్, మరి నా సున్నా?" అని అడిగిన.

"పొడుగు చిన్నపేగుదే కదరా" అన్నడు.

ఇట్లు,
పెద్దపేగు, 9వ తరగతి