పది వేల అడుగుల కింద

జులై 24, 2024. బేగంపేట

సెస్నా 172 ప్యానెల్ విప్పి పెట్టాం. పాత ట్రాన్స్‌పాండర్ బయటికొచ్చింది. రాడార్ అడిగితేనే పలికే రకం. 1030 మెగాహెర్ట్జ్‌లో ప్రశ్న, 1090లో జవాబు. ఎత్తు చెబుతుంది, ఎక్కడుందో చెప్పదు.

కొత్తదాన్ని ఎవరూ అడగక్కర్లేదు. జీపీఎస్ నుంచి తన చోటు తెలుసుకుని, సెకనుకు రెండుసార్లు తనే చెప్పుకుంటుంది. పక్కన ఎగిరేవాళ్ళు చెప్పేదీ వింటుంది, వాళ్ళకీ ఇలాంటి పెట్టె ఉంటే.

సాయంత్రం ఓనరు వచ్చారు. చలికాలంలో గోదావరి వెంట సర్వేకి తీసుకెళ్తారట. "ఇది పెడితే నేను అందరికీ కనిపిస్తానా?" అన్నారు.

వినేవాళ్ళుంటే కనిపిస్తారు సార్, అన్నాను. ఆయనకి ఆ మాట నచ్చినట్టు లేదు.

అమ్మ ఫోన్. గోదారి పెరుగుతోందట. మా ఊరు చర్లలో కరెంటు లేదు.

జులై 27

యాంటెనా రోజు. పొట్ట కింద పాతదాని చోటే. బేస్ కూర్చునే చోట పెయింటు మొత్తం గీకించాను, అల్యూమినియం తెల్లగా తేలేదాకా. కుర్రాడు "ఇంత గీకాలా అన్నా?" అన్నాడు. గీకాలి. లోహానికి లోహం ఆనాలి. మధ్యలో పెయింటు పొర మిగిలితే గొంతు అక్కడే సగం పోతుంది. ఏడాది తిరిగేసరికి తుప్పు కూడా.

కేబుల్ చివర కనెక్టర్ క్రింప్ చేసి, వేళ్ళతో గట్టిగా లాగి చూశాను. కదల్లేదు. వంపు మరీ ముడుచుకోకుండా తిప్పి, క్లాంపులు బిగించాం. దూరం చెప్పే పరికరం డీఎంఈ, దాని యాంటెనాకి ఎడం కొలిచాను. రెండూ ఒకే బ్యాండు.

పొట్ట కింద ఉన్నది కిందికే మాట్లాడుతుంది. మరి పైకి? 66 ఇరిడియం ఉపగ్రహాలు ఉన్నాయి, విమానాల మాట వినే రిసీవర్లతో. 2019 నుంచి ఆ పని నడుస్తోంది. వాటికి సరిగ్గా వినపడాలంటే నెత్తిన కూడా ఒక యాంటెనా కావాలి, దానికి తగ్గ ట్రాన్స్‌పాండర్ కావాలి. ఇంకో ఖర్చు. ఓనర్ని అడగాలా?

ఆగస్టు 3

ఈ తేదీ రాగానే చేతులు కాసేపు ఆడవు.

2008. బెల్ 430 హెలికాప్టర్. హైదరాబాదు నుంచి రాయ్‌పూర్ దారిలో నలుగురు. మా ఖమ్మం జిల్లా అంచు అడవి మీదే ఎక్కడో పోయింది. అప్పటికి చర్ల, వెంకటాపురం అన్నీ ఖమ్మం జిల్లాయే.

నేను బళ్ళో ఉన్నాను. మబ్బుల వెనక మోతలు, అటూ ఇటూ. వెతుకుతున్నారని పెద్దవాళ్ళన్నారు. రోజుల తరబడి అదే మాట. తర్వాత మోత ఆగిపోయింది. దొరకలేదన్నారు.

శకలాలు కనబడింది నవంబరులో, వెంకటాపురం వైపు కొండల్లో. ఆ మధ్యలో దసరా వచ్చింది, దీపావళి వచ్చింది. ఆ నలుగురి ఇళ్ళల్లో దీపాలు పెట్టుకున్నారా? పెట్టుకోకూడదని ఎవరు చెప్పగలరు? పెట్టుకోమని మాత్రం ఎవరు చెప్పగలరు?

నేను ఈ పనిలోకి రావడానికి కారణం ఎవరైనా అడిగితే జీతం అంటాను.

ఆగస్టు 6

పెట్టె వేరే విమానంలోంచి తీసిందట. కాగితాలు బాగానే ఉన్నాయి. పవర్ ఇచ్చి టెస్టర్‌తో చదివితే పాత విమానం నంబరే చెబుతోంది.

24 బిట్ల నంబరు. ప్రపంచం మొత్తానికి కోటీ 67 లక్షల పైచిలుకు. అందులో మన దేశం వాటా 2 లక్షల 62 వేలు. ఒక్కో విమానానికి ఒక్కటే, రిజిస్ట్రేషన్‌తో పాటు వచ్చేది. ఇది మార్చకుండా పంపితే ఆకాశంలో ఒకే పేరుతో ఇద్దరు. ఒకడు పడితే రెండోవాడు ఇంకా ఎగురుతున్నట్టు స్క్రీన్ చెబుతుంది.

కుర్రాడితో ఒక్కో అంకె పైకి చదివించి, సర్టిఫికెట్‌తో సరిచూసి ఎక్కించాను. ఆపి మళ్ళీ ఆన్ చేసి ఇంకోసారి చదివించాను. విసుక్కోలేదు. మంచి కుర్రాడు.

ఆగస్టు 10

నిద్ర పట్టక లెక్క వేశాను. ఎత్తు అడుగుల్లో తీసుకుని, దాని వర్గమూలాన్ని 1.23తో గుణిస్తే నేల మీది రిసీవర్‌కి అందే దూరం, నాటికల్ మైళ్ళలో. 5,000 అడుగులకు 87. అంటే 160 కిలోమీటర్లు. చదును నేల మీద మాట అది, కొండలు లేవనుకుంటే.

శంషాబాద్ రిసీవర్ నుంచి 160 అంటే ఖమ్మం కూడా రాదు. చర్ల 270 దాకా ఉంటుంది. అక్కడ కనిపించాలంటే పది వేల అడుగులు కూడా చాలవు. సర్వే విమానం అంత ఎత్తున ఏం చూస్తుంది? హెలికాప్టర్ అంత ఎత్తుకి ఎందుకు పోతుంది?

కాగితం మడిచి ఇందులోనే పెట్టాను.

ఆగస్టు 19. చర్ల

రాఖీ. చెల్లి భద్రాచలం నుంచి వచ్చింది. బస్సు దిగేసరికే వాన. తాలిపేరు వాగు నిండుగా ఉంది.

సాయంత్రం డాబా ఎక్కాను. ఛత్తీస్‌గఢ్ వైపు కొండలు సగం దాకానే ఉన్నాయి, పై సగం మబ్బులో. దారి తెలిసిన పైలట్ అయినా ఆ సగం ఎక్కడుందో ఎలా పోల్చుకుంటాడు? కింద పచ్చదనంలో సందు లేదు. టేకు, మద్ది, వెదురు. ఆకు మీద ఆకు.

అమ్మకి పని గురించి చెప్పాను. "పైన పోయేది ఊరందరికీ కనబడుతుంది కదరా" అంది. కనబడుతుంది. కానీ ఎన్ని గంటలకి, ఎటు పోయింది, ఎంత ఎత్తున పోయింది? ఎవరు రాసిపెట్టుకుంటారు?

సెప్టెంబరు 2. బేగంపేట

నిన్నంతా ఖమ్మం వరద వార్తలే. మున్నేరు వాగు 36 అడుగులు. ప్రకాశ్ నగర్ వంతెన మీద తొమ్మిది మంది చిక్కుకున్నారు. హెలికాప్టర్ వస్తుందన్నారు, వాతావరణం బాగోక రాలేదు. చివరికి సుభాన్ అనే ఆయన జేసీబీ వేసుకుని నీళ్ళలోకి వెళ్ళి తొమ్మిది మందినీ తీసుకొచ్చాడు. వీడియో చూస్తూ ఏడ్చాను.

నేను బిగించే పెట్టె మబ్బుని తొలగించదు. అది ఒప్పుకోవాల్సిందే. ఇలాంటి వాతావరణంలో రాకపోవడమే సరైన నిర్ణయం.

2009లో ఇదే రోజు అప్పటి ముఖ్యమంత్రి హెలికాప్టర్ ఈ బేగంపేట నుంచే లేచింది. అదీ బెల్ 430. నల్లమలలో, పావురాల గుట్ట మీద కూలింది. అయిదుగురు. రాష్ట్రం రాష్ట్రమంతా వెతికితే మర్నాటికి దొరికింది. మా అడవిలో నలుగురికి మూడు నెలలు దాటింది.

ప్రమాద సంకేతం పంపే ఈఎల్‌టీ ఉంటుంది కదా అంటారు. అది పడ్డాక పలికేది. గుద్దుకున్న దెబ్బకి యాంటెనా తెగినా, మంట తగిలినా పలకదు. నేను బిగించే పెట్టె పడకముందు దాకా చెబుతూనే ఉంటుంది. ఆఖరి అర సెకను వరకూ. ఆ ఆఖరి చుక్క దగ్గర వెతుకులాట మొదలుపెడితే...

సెప్టెంబరు 7

వినాయక చవితి. హ్యాంగర్ మూత.

మేడారం, తాడ్వాయి అడవిలో ఆగస్టు 31న గాలికి వేల చెట్లు కూలాయని పేపర్లో. వందల ఎకరాలు. ఫోటోల్లో నేల కనబడుతోంది. అక్కడ నేలని నేనెప్పుడూ చూడలేదు.

అన్ని చెట్లు పడితే కనబడింది. ఒక్క హెలికాప్టర్ పడితే కొమ్మలు ముక్కలయ్యుంటాయి, మళ్ళీ వానకి చిగుళ్ళేసి ఉంటాయి.

సెప్టెంబరు 13

ఓనరు ఒప్పుకున్నారు. నెత్తిన రెండో యాంటెనాకి, ఆ రకం పెట్టెకి. నేను లెక్క కాగితం చూపించాను, అంతే. చాలాసేపు చూశారు. "మా అబ్బాయి కూడా నడుపుతాడు" అన్నారు.

పై రేకు లోపల బలానికి డబ్లర్ వేయాలి. డ్రాయింగ్ మొదలుపెట్టాను.

సెప్టెంబరు 28

రెండు యాంటెనాలూ పలుకుతున్నాయి. స్టాటిక్ టెస్ట్‌లో ఆల్టిమీటర్ చెప్పే ఎత్తూ, బయటికి పోయే ఎత్తూ కలిశాయి. నంబరు సరిపోయింది. ఎగిరి వచ్చింది, స్క్రీన్ మీద వికారాబాద్ దాకా గీత తెగలేదు. లాగ్‌బుక్‌లో సంతకం పెట్టాను.

వికారాబాద్ వైపు బాగానే ఉంటుంది. తూర్పున ఖమ్మం దాటాక, తక్కువ ఎత్తులో, పైన ఉపగ్రహాలు విన్నా, ఈ విమానం చెప్పేది నేరుగా శంషాబాద్ దాకా రాదు. భద్రాచలంలోనో చర్లలోనో నేల మీద వినే స్టేషన్ ఒకటి పెట్టాలి. ఒక చిన్న గది, ఒక స్తంభం, ఆగని కరెంటు చాలు. అది వచ్చేదాకా మేం బిగించేది సగం పనే.