ఇంట ఓడి రచ్చ గెలిచినవాడు

చైనా రాజధాని బీజింగ్‌లో తియానన్‌మెన్ కూడలి మీదుగా సాగే చాంగాన్ రాజమార్గం వెంట పడమరకు పోతే వూకసోంగ్ అనే పేట వస్తుంది. 2008 ఒలింపిక్స్‌లో బాస్కెట్‌బాల్ పోటీల కోసం కట్టిన విశాలమైన క్రీడామందిరం అక్కడే ఉంది. సుమారు 18,000 మంది ఒకేసారి కూర్చుని ఆట చూడవచ్చు. 2012లో ఈ మందిరం వెలుపల ఒక కంచు విగ్రహాన్ని ప్రతిష్ఠించారు. విగ్రహాలకు కొదవలేని ఆ దేశంలో కూడా అదొక విశేషమే. అది చక్రవర్తిదీ కాదు, విప్లవవీరుడిదీ కాదు. సముద్రాలకు ఆవల, న్యూయార్క్‌లోని పేదల పేటలో పుట్టి పెరిగిన స్టీఫన్ మార్బరీ అనే నల్లజాతి ఆటగాడిది.

ఇంట గెలిచి రచ్చ గెలవమని పెద్దలంటారు. మార్బరీ జీవితం ఈ సామెతను తలకిందులు చేసింది. పుట్టిన ఊరు అతడిని వద్దనుకుంది. భాష తెలియని ఊరు అక్కున చేర్చుకుంది.

న్యూయార్క్ నగరంలో బ్రూక్లిన్ దక్షిణపు కొసన, అట్లాంటిక్ తీరాన ఉంది కోనీ ఐలాండ్. పేరుకు దీవే గాని, నేడది బ్రూక్లిన్ నేలతో కలిసిపోయిన ఇసుక తీరం. వేసవి వస్తే నగరవాసులు సముద్రస్నానాలకూ, 1927 నుంచీ నడుస్తున్న ‘సైక్లోన్’ అనే రోలర్ కోస్టర్ ఎక్కడానికీ గుంపులుగా వస్తారు. ఆ సంబరాలకు కొద్ది దూరంలోనే పేదల కోసం ప్రభుత్వం కట్టించిన బహుళ అంతస్తుల ఇళ్లున్నాయి. 1977లో పుట్టిన మార్బరీ ఆ ఇళ్లలోనే పెరిగాడు. ఏడుగురు సంతానంలో అతడు ఆరవవాడు. అన్నలు ముగ్గురూ బాస్కెట్‌బాల్‌లో దిట్టలే. కాని అమెరికా ఆటగాళ్లందరికీ పరమపదమనదగిన ఎన్.బి.ఎ. లీగ్ గడపను వారిలో ఒక్కరూ తొక్కలేకపోయారు. కుటుంబం ఆశలన్నీ చిన్నవాడైన స్టీఫన్ మీద నిలిచాయి.

ఆ ఆశ వమ్ము కాలేదు. కళాశాలలో ఒక్క ఏడాది ఆడగానే, 1996లో ఎన్.బి.ఎ. జట్లు కొత్త ఆటగాళ్లను ఎంచుకునే వేళ నాలుగవవాడుగా అతడి పేరు పిలిచారు. 2001లోనూ, 2003లోనూ ఆల్‌స్టార్ పోటీకి ఎంపికయ్యాడు. 2004 జనవరిలో సొంత ఊరి జట్టు న్యూయార్క్ నిక్స్ అతడిని తెచ్చుకుంది. ఊరి బిడ్డ వచ్చాడు, ఇక జట్టుకు మంచి రోజులేనని జనం సంబరపడ్డారు.

మంచి రోజులు రాలేదు. జట్టు ఓడుతూనే ఉంది. శిక్షకులతో మార్బరీకి పొసగలేదు. ప్రతిభ ఉంది గాని స్వార్థపరుడు, బంతిని తోటివారికి అందించడు అన్న అపవాదు వచ్చింది. అందులో కొంత నిజమూ లేకపోలేదు. 2007 డిసెంబరులో అతడు మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో ఆడుతూ ఉండగా, చూడవచ్చిన తండ్రి గుండెపోటుతో కుప్పకూలి ప్రాణాలు విడిచాడు. ఆట ముగిసిన తరువాతే కొడుక్కు ఆ సంగతి తెలిసింది. మరుసటి ఏడు కొత్త శిక్షకుడు అతడిని ఆటకే దించలేదు. 2009 ఫిబ్రవరిలో జట్టు అతడిని వదులుకుంది. ఆ వేసవిలో అతడు ఇంట్లో కెమెరా ముందు కూర్చుని ఇరవై నాలుగు గంటలపాటు తన దినచర్యను ఇంటర్నెట్‌లో ప్రసారం చేశాడు. అందులో ఏడ్చాడు, వాజలీన్ తిన్నాడు. లోకం పగలబడి నవ్వింది. ఆ రోజుల్లో చావాలన్న తలంపు కూడా కలిగిందని తరువాతి కాలంలో అతడే చెప్పాడు.

2010 జనవరిలో, ముప్ఫైమూడేళ్లు నిండవస్తున్న వేళ, మార్బరీ చైనాలోని తైయువాన్ నగరంలో దిగాడు. బీజింగ్‌కు నైరుతి దిశగా ఉన్న ఈ నగరం షాన్సీ రాష్ట్రానికి రాజధాని. చుట్టూ బొగ్గు గనులు, ఉక్కు కర్మాగారాలు. ఊరి మధ్య నుంచి ఫెన్ నది. కత్తితో చెక్కి మరిగే నీళ్లలోకి విసిరే పిండి నూడిల్సుకూ, ఏళ్ల తరబడి మాగవేసిన నల్లని వెనిగర్‌కూ ఆ ప్రాంతం ప్రసిద్ధి. ఎన్.బి.ఎ. వైభవం చవిచూసిన ఆటగాడు కోరుకునే ఊరు కాదది.

అతడు అక్కడికి పోవడానికి ఆట ఒక్కటే కారణం కాదు. 2006లో అతడు తన పేరు మీద ‘స్టార్‌బరీ’ బూట్లను 15 డాలర్ల లోపు ధరకే అమ్మించాడు. పేరుమోసిన ఆటగాళ్ల బూట్ల ధర 100 డాలర్లు దాటుతున్న కాలమది. పేద ఇళ్ల తల్లులు ఆ ధరలకు పడే యాతన అతడు చిన్ననాడే ఎరుగును. అయితే 2008లో ఆ బూట్లు అమ్మే దుకాణాల సంస్థ దివాలా తీసింది. విశాలమైన చైనా విపణిలో ఆ వ్యాపారాన్ని నిలబెట్టాలన్నది అతడి ఆశ.

చైనాకు బాస్కెట్‌బాల్ కొత్త ఆట కాదు. అమెరికాలో 1891లో పుట్టిన ఈ ఆట, 1895 నాటికే వై.ఎం.సి.ఎ. వారి ద్వారా తియాన్‌జిన్ నగరం చేరింది. మావో పాలనలోనూ సైనిక శిబిరాల్లో, కర్మాగారాల ఆవరణల్లో వర్ధిల్లింది. 1995లో వృత్తి లీగ్ ఏర్పడింది. జట్టుకు ఒకరిద్దరు విదేశీయులను తెచ్చుకోవడం పరిపాటి అయింది. సాధారణంగా ఆ విదేశీయుడు చలికాలంలో వస్తాడు, పాయింట్లు గుప్పిస్తాడు, డబ్బు మూట కట్టుకుని వెళ్లిపోతాడు. మార్బరీ కూడా అటువంటి బాటసారే అనుకున్నారందరూ. అతడు ఆ ఏడాదే చైనా ఆల్‌స్టార్ పోటీలో ఉత్తమ ఆటగాడుగా నిలిచాడు. అయినా షాన్సీలో అతడి కొలువు సాగలేదు. మరుసటి సీజన్‌కు దక్షిణాన ఉన్న ఫోషాన్ నగరం జట్టుకు మారవలసి వచ్చింది. 2011లో బీజింగ్ జట్టు కబురు పంపింది.

రాజధాని జట్టయినా బీజింగ్ అంతవరకు ఒక్కసారి కూడా లీగ్ విజేత కాలేదు. అంతకు ముందరి ఎనిమిదేళ్లలో ఏడుసార్లు కిరీటం గ్వాంగ్‌దోంగ్ జట్టుదే. శిక్షకుడు మిన్ లులే జట్టు పగ్గాలను మార్బరీకి అప్పగించాడు. ఒకప్పుడు బంతి వదలడన్న పేరు మోసినవాడు ఇక్కడ చైనా కుర్రవాళ్లకు బంతి అందించసాగాడు. వాళ్లు తప్పు చేస్తే భుజం తట్టాడు. మామూలు ప్రయాణికులతో పాటు భూగర్భ రైలెక్కి తిరిగేవాడు. అమెరికాలో ఆడే రోజుల్లో చైనా అభిమానులు అతడిని ‘ఒంటరి తోడేలు’ అనేవారు. ఇప్పుడు ‘మా కమిసార్’ అన్నారు. ఆ ‘మా’ అతడి పేరు చైనా భాషలో పలికినప్పటి మొదటి అక్షరం. కమిసార్ అంటే చైనా సైన్యంలో సిపాయిల మనోబలం కాపాడే రాజకీయాధికారి. విదేశీయుడికి ఆ బిరుదు దక్కడం చిన్న విషయం కాదు.

2012 మార్చి 30న ఫైనల్ పోరులో బీజింగ్ గ్వాంగ్‌దోంగ్‌ను 4–1 తేడాతో ఓడించింది. ఆఖరి ఆటలో మార్బరీ ఒక్కడే 41 పాయింట్లు సాధించాడు. ఆట ముగియగానే కోర్టు మీదే కన్నీరు పెట్టుకున్నాడు. మూడేళ్ల కిందట అతడి కన్నీటిని చూసి జనం నవ్వారు. ఆ రాత్రి వేలమంది అతడితో పాటు కళ్లు తుడుచుకున్నారు.

2014లో, 2015లో బీజింగ్ మళ్లీ విజేత అయింది. అతడి జీవితం మీద సంగీత నాటకం తయారైంది. తన పాత్రను తానే ధరించాడు. బీజింగ్ గౌరవ పౌరుడయ్యాడు. విదేశీయులకు అరుదుగా దొరికే శాశ్వత నివాస పత్రం కూడా చేతికందింది. నలభయ్యొకటవ పుట్టినరోజుకు కొద్ది రోజుల ముందు, 2018 ఫిబ్రవరిలో, అదే నగరంలోని మరో జట్టు తరఫున చివరి ఆట ఆడి విరమించాడు. 2019లో ఆ జట్టుకే శిక్షకుడయ్యాడు.

బీజింగ్ అతడికి కొత్త నైపుణ్యమేదీ నేర్పలేదు. బంతిని ఆడించే ఆ చేతులు న్యూయార్క్‌లో ఉన్నప్పటివే. న్యూయార్క్ తన కష్టాలన్నీ గట్టెక్కించే రక్షకుడిని కోరి, అది జరగనప్పుడు నిందించింది. బీజింగ్ తమతో కలిసి ఆడే మనిషిని కోరింది. మార్బరీ కూడా ఈసారి మెప్పు కోసం కాక, పోయిన పరువు తిరిగి సంపాదించుకోవడానికి, నెమ్మదిగా, వినయంగా ఆడాడు. ఊరు మారడంతో మనిషికి తన్ను తాను దిద్దుకునే వ్యవధి చిక్కింది.

తనను కాదన్న ఊరిని అతడు మరువలేదు. 2020 మార్చిలో న్యూయార్క్‌ను కరోనా చుట్టుముట్టి, ఆసుపత్రుల్లో మాస్కులు కరువైనప్పుడు, మార్బరీ చైనా తయారీదారుతో మాట్లాడి కోటి మాస్కులను తన ఊరికి చవకగా, ఒక్కొక్కటి 2.75 డాలర్లకు, ఇప్పించడానికి పూనుకున్నాడు. కోనీ ఐలాండ్‌లో ఇంకా తన కుటుంబం ఉందనీ, తన మూలం అక్కడేననీ అతడు ఎన్నడూ దాచలేదు.