సైకిల్ చైనుకు ఎంత బిగువు కావాలి?

చైను ఎంత బిగువుగా ఉంటే సైకిల్ అంత చక్కగా నడుస్తుందని చాలామంది భావిస్తారు. వాస్తవానికి అతి బిగువు కూడా అతి వదులు వలెనే హాని చేస్తుంది. ఈ రెంటి నడుమ ఉన్న తేడా సుమారు అర అంగుళం. దానిని పట్టించుకోకపోతే ఎంత ప్రమాదం ఏర్పడుతుందో మా కుటుంబం స్వయంగా చూసింది.

మా మేనల్లుడు ఉద్యోగానికి వెళ్ళిరావడానికి సన్నని టైర్లుగల పాత గేర్ల సైకిల్ ఒకటి కొనుక్కున్నాడు. కొన్నాళ్ళకు గేర్లు మార్చే యంత్రంలోని స్ప్రింగు విరిగింది. ఒక దుకాణంలో ఆ యంత్రాన్ని పూర్తిగా తొలగించి, ముందు ఒకటి, వెనుక ఒకటి పళ్ళచక్రాలు మాత్రమే ఉంచి, చైనును కత్తిరించి బిగువుగా కలిపి ఇచ్చారు. కొద్ది నెలలు సైకిల్ బాగానే నడిచింది. ఒకరోజు రైల్వే వంతెన ఎక్కుతూ, సీటుపై నుండి లేచి నిలబడి తొక్కుతుండగా చైను ఊడిపోయింది. కాలి కింది ఆధారం ఒక్కసారిగా పోవడంతో అతను పక్కకు పడిపోయాడు. వెనుక వస్తున్న లారీ సకాలంలో ఆగింది కనుక మోకాలి గాయంతో బయటపడ్డాడు.

"ఇక ఈ సైకిల్ మన ఇంట్లో వద్దు భాయ్‌జాన్, అమ్మివేయండి" అని మా చెల్లెలు పట్టుబట్టింది. ఆమె భయం సహజమైనదే. కాని అతను పనిచేసే చోటికి బస్సు లేదు. సైకిల్ పోతే ఉద్యోగమే కష్టమవుతుంది.

మా మదర్సా సమీపంలో ఎన్నో ఏళ్ళుగా సైకిళ్ళు బాగుచేస్తున్న పెద్దాయన ఉన్నారు. పిల్లలందరికీ ఆయన చాచా. అసర్ నమాజు తరువాత సైకిల్‌ను ఆయన వద్దకు తీసుకువెళ్ళాము. ఆయన వెనుక చక్రం వద్ద కూర్చుని, "మౌల్వీ సాబ్, ఇరుసు కూర్చున్న గాడిని చూడండి. మీ నల్ల సైకిల్‌కు ఉన్నది అడ్డ గాడి, దీనికి ఉన్నది నిలువు గాడి. చిక్కంతా ఇక్కడే ఉంది" అన్నారు.

ఆయన చెప్పిన విషయం సులభమైనదే. మనం సాధారణంగా వాడే నల్ల సైకిళ్ళలో వెనుక ఇరుసు అడ్డంగా జరుగుతుంది. చైను వదులైతే నట్లు సడలించి, చక్రాన్ని కొద్దిగా వెనుకకు లాగి, తిరిగి బిగిస్తాము. గేర్ల సైకిల్‌లో ఈ పనిని రెండు చిన్న పళ్ళచక్రాలుగల స్ప్రింగు చెయ్యి చేస్తుంది. అందువలన ఈ కాలపు గేర్ల సైకిళ్ళలో చాలావాటికి ఇరుసు జరిగే వీలు ఉండదు. స్ప్రింగును తీసివేసి, జరిగే గాడి కూడా లేనప్పుడు, చైను అరిగిన కొద్దీ ఏర్పడే వదులును సరిచేసే దారి ఉండదు.

చైను సాగుతుందని అంటాము గాని, నిజానికి సాగేది ఇనుము కాదు. లింకులను కలిపే పిన్నులు, వాటి చుట్టూ ఉన్న భాగాలు అరుగుతాయి. పిన్నుకు పిన్నుకు మధ్య దూరం అర అంగుళం. కనుక కొత్త చైనులో 24 లింకుల పొడవు సరిగ్గా 12 అంగుళాలు. అది అంగుళంలో పదహారవ వంతు పెరిగితే చైను మార్చవలసిన సమయం వచ్చినట్లే. ఎనిమిదవ వంతు పెరిగేదాకా ఊరుకుంటే పళ్ళచక్రాలు కూడా పాడవుతాయి.

"అయితే మొదటే ఇంకా గట్టిగా బిగించి ఉంటే సరిపోయేదా మామూ?" అని మేనల్లుడు నన్ను అడిగాడు. సమాధానం చాచాయే చెప్పారు: "కాదు బేటా. పళ్ళచక్రం ఎప్పుడూ సంపూర్ణంగా గుండ్రంగా, నడిమధ్యకు ఉండదు. తిప్పుతూ ఉంటే ఒకచోట చైను బిగుస్తుంది, మరోచోట వదులవుతుంది. అతిగా బిగిస్తే ఆ బిగుసుకునే చోట బేరింగులపై భారం పడి అవి త్వరగా అరిగిపోతాయి."

ఆయన పాత యంత్రం ఉన్న రంధ్రంలోనే స్ప్రింగుగల చిన్న చక్రం ఒకటి అమర్చారు. ముందు వెనుక పళ్ళచక్రాలు ఒకే గీతలో ఉన్నాయో లేదో సరిచూశారు; గీత తప్పినా చైను ఊడుతుంది. అరిగిన చైను స్థానంలో కొత్తది వేశారు. కొత్త సైకిల్ ధరతో పోలిస్తే అయిన ఖర్చు చాలా స్వల్పం.

మీ ఇంట్లో ఒకే గేరు సైకిల్ ఉంటే నెలకొకసారి ఈ పరీక్ష చేయండి. పెడల్‌ను నెమ్మదిగా తిప్పుతూ, చైను అన్నిటికంటే బిగువుగా ఉండే చోట ఆపండి. చైను మధ్యభాగాన్ని వేలితో పైకీ కిందికీ కదపండి. మొత్తం కదలిక అర అంగుళం ఉంటే సరైన బిగువు. ఏమాత్రం కదలకపోతే సడలించాలి, అంగుళం దాటితే బిగించాలి. స్ప్రింగు చక్రం ఉన్న సైకిల్‌లో ఈ కొలత వర్తించదు; అక్కడ చైను పొడవు, స్ప్రింగు బలం చూడాలి. ఇరుసును జరిపినప్పుడు చక్రం ఫ్రేముకు సరిగ్గా మధ్యలో ఉందా, బ్రేకు రబ్బర్లు రిమ్మునే తాకుతున్నాయా అని చూసి, రెండు నట్లనూ గట్టిగా బిగించండి.

మేనల్లుడు ఇప్పుడు అదే వంతెన మీదుగా పనికి వెళ్తున్నాడు. ప్రతి నెలా మొదటి ఆదివారం చైను పరీక్షించి చూపాలన్నది మా చెల్లెలు పెట్టిన షరతు. స్కేలు ఆమె చేతిలోనే ఉంటుంది.