చంక దిగితేనే నడక

మా తాండాల్లో నడక రాని పిల్లను ఎవరూ తక్కువ చేసి చూడరు. అవ్వ ఎత్తుకుంటుంది, అక్క ఎత్తుకుంటుంది, అన్న వీపున వేసుకొని బడికి తెస్తాడు. ప్రేమకు లోటు లేదు. కష్టమంతా ఆ పిల్ల బరువెక్కాక మొదలవుతుంది. నాట్ల కాలంలో ఇంటిల్లిపాదీ సాగర్ ఎడమ కాలువ కింద కూలికి పోతే మోసేవాళ్లుండరు. బడి ఆగిపోతుంది. మంచమే లోకమవుతుంది.

పాత నల్లగొండ జిల్లాలో కాళ్ల ఇబ్బంది అనగానే అందరూ ఫ్లోరైడ్ నీళ్లనే అంటారు. ఆ నీళ్లు చేసిన చెరుపు నిజమే. కానీ ప్రతి బిడ్డకూ అదే కారణం కాదు. నెలలు నిండకుండా పుట్టడం, పుట్టగానే ఏడవకపోవడం, పుట్టుకతో వచ్చే కండరాల బలహీనత, ఇలా చాలా ఉంటాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో పిల్లలు ఎనిమిదో నెల దాటాక మొదలుపెట్టి 18 నెలల లోపు సొంతంగా నడుస్తారు. ఆ తర్వాత కూడా నడవకపోతే ‘మా ఇంట్ల అందరికీ ఆలస్యమే’ అని ఊరుకోవద్దు. అంగన్‌వాడీకి ఏడాదికి రెండుసార్లు, బడికి ఒకసారి రావాల్సిన ఆర్‌బీఎస్‌కే డాక్టర్లకు చూపించాలి. వచ్చిన నడక తగ్గిపోతున్నా, పిల్లవాడు తొడల మీద చేతులు ఊని లేస్తున్నా, వాళ్ల కోసం కూడా ఆగకుండా ఆసుపత్రికి తీసుకుపోవాలి.

2019 డిసెంబరు 26న సూర్యగ్రహణం నాడు కర్ణాటకలో కలబురగి దగ్గర ఇలాంటి పిల్లల్ని మెడదాకా మట్టిలో పాతారు. ఆ తల్లిదండ్రులది కసాయితనం కాదు, ఆశ. ఆ ఆశకు సరైన దారి చూపాల్సింది చదువుకున్న మనమే.

మా బడికి ఏడేళ్ల పాప ఒకతి వచ్చింది. గోడ వదిలితే కూలబడేది. మండలంలోని భవిత కేంద్రంలో ఫిజియోథెరపిస్టు చూపించినవే మేము రోజూ చేయించాం. పాదాలు రెండూ నేలకు ఆనేలా చిన్న పీట వేశాం. హాజరు పిలిచినప్పుడల్లా లేచి నిలబడి పలకాలి. వరండా పొడవునా వెదురు బొంగు కట్టాం. సుద్దముక్కల డబ్బాను మొదట ఒక అడుగు దూరంలో, తర్వాత మూడడుగుల దూరంలో పెట్టాం. బిగుసుకున్న కాలును మాత్రం ఎన్నడూ గుంజలేదు, అలసిపోతే ఆపేశాం.

“పడతది సారూ, మేమే ఎత్తుకుంటం” అని వాళ్ల యాడి భయపడింది. నిజానికి పాప కాళ్లకంటే ఆ భయమే బరువైంది. అందుకే పడేటప్పుడు చేతులు ఎలా ఆనించాలో గడ్డివాము పక్కన నేర్పాం. పడగానే ఉరికి లేపవద్దని, ముందు తననే లేవనివ్వమని తోటి పిల్లలకు చెప్పాం. తీజ్ ఆటలో వంగడం, చప్పట్లు, పక్కకు అడుగు అన్నీ ఉన్నాయి. మాకు అంతకన్నా మంచి వ్యాయామం దొరకలేదు. ఇద్దరమ్మాయిల చేతులు పట్టుకొని పాప ఆ వరసలో తిరిగింది. తొమ్మిది రోజులు నీళ్లు పోస్తేనే గోధుమ మొలక లేస్తుందని తాండాలో ఆడపిల్లలకు ఎవరూ చెప్పక్కర్లేదు. రోజూ కొంచెం కొంచెం అన్న మాట యాడికి అలాగే అర్థమైంది.

ఇప్పుడు పాప కొంచెం ఊగుతూ నడుస్తుంది. మెట్ల దగ్గర చేయి అడుగుతుంది. కానీ ఎక్కడికి పోవాలో తానే చెబుతుంది.

అందరికీ ఇంత నడక రాకపోవచ్చు. చక్రాల కుర్చీలో వచ్చినా బడి వాళ్లదే. 2016 వికలాంగుల హక్కుల చట్టం 6 నుంచి 18 ఏళ్ల దాకా ఉచిత చదువు వాళ్ల హక్కు అంటోంది. తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, మీ తాండాలో మంచం మీదున్న బిడ్డ పేరు రేపు బడి రిజిస్టరులో ఉందో లేదో చూడండి.