నిత్యప్రయాణమునకు పాతకారు

చీర కొనునపుడు నేతను, ధాన్యము కొనునపుడు గింజను, పాడియావును కొనునపుడు పొదుగును పరీక్షించుట మన మెఱిగినదే. కారు కొనునపుడు మాత్రము "అది మగవారి వ్యవహారము" అని గడపకడ నిలిచిపోవుదుము. కాని సొమ్ము సంసారమునది. అందెక్కి తిరుగువారు మన బిడ్డలు, మన వృద్ధులు. కావున ఈ విషయమున మా అనుభవమునకు వచ్చిన నాలుగు మాటలను మీకు నివేదింపదలచితిమి.

మావారు ఉపాధ్యాయులు. పాతకార్లన్న వారికి పరమప్రీతి. ఉండిలో మా యింటిప్రక్క పాకలో, మా మామగారు 1974లో కొన్న అంబాసిడరు మార్క్-2 కలదు. ప్రతి యాదివారమును పూజాపాత్రలను తోమినంత శ్రద్ధతో మావారు దాని మెఱుగుకమ్ములను తుడుతురు. ఇంగ్లండునందలి మోరిస్ ఆక్స్‌ఫర్డు అచ్చునుబట్టి, కలకత్తా చెంతనున్న ఉత్తరపారాలో హిందూస్థాన్ మోటార్సువారు 2014 మే నెలవఱకు ఈ బండ్లను చేసిరి. 1983 డిసెంబరు 14వ తేదీన మారుతి 800 వెలువడువఱకు, ఈ దేశమున కారనగా అంబాసిడరు, బొంబాయి ప్రీమియర్ పద్మిని, మదరాసు స్టాండర్డు బండ్లే ముఖ్యములు. మంత్రి యెక్కినను, పెండ్లికుమారు డెక్కినను వానిలో నొకటియే.

మావారి ప్రీతిని మేము పరిహసించువారము కాము. పెద్దలు విడిచిన వస్తువును కాపాడుట పెద్దలను గౌరవించుటలోనిదే. కాని గౌరవము వేఱు, అక్కఱ వేఱు. మా అత్తగారికి వారమునకు రెండుమార్లు భీమవరమున రక్తశుద్ధి చికిత్స జరుగును. గడచిన వర్షాకాలమున నొకనాటి వేకువను జల్లు తగిలి, డిస్ట్రిబ్యూటరు మూతలో చెమ్మచేరి, అంబాసిడరు కాలువగట్టుమీద నిలిచిపోయెను. అత్తగారు నీరసముతో వెనుకసీటున వాలియుండిరి. మావారు గొడుగుక్రింద ఆ మూతను విప్పి గుడ్డతో తుడుచుచుండిరి. చేపల లారీవా డొకడు దయదలచి ముందుకు బోయి యొక ఆటోను పంపగా, గంట యాలస్యముగా ఆసుపత్రి చేరితిమి. ఆ రాత్రి అత్తగారు, "నాయనా! మీ నాన్నగారి కారును గుడిలో దేవుని వలె ఉంచుకో. నన్నుమాత్రము దానిలో నెక్కింపకు" అనిరి. మావారు బదులాడలేదు.

చట్టముకూడ అత్తగారి పక్షముననే యున్నది. 2021 జూలైలో కేంద్రప్రభుత్వము చేసిన నిబంధనలప్రకారము, తొలి రిజిస్ట్రేషను నుండి 50 ఏండ్లు దాటి, మూలరూపము చెడని సొంతబండ్లను 'వింటేజి' వాహనములుగా నమోదు చేయించుకొనవచ్చును. అట్టివి ప్రదర్శనలకు, ర్యాలీలకు, మరమ్మతునకు, పెట్రోలు పోయించుటకు రోడ్డెక్కవచ్చునేగాని నిత్యప్రయాణమునకు పనికిరావు. అంబాసిడరును అట్లు నమోదు చేయింపవలెనని మావారి కోరిక. కావున దినదినము తిరుగుటకు వేఱొక బండి తప్పదయ్యెను.

మాచేత నున్నది మా చీటీసొమ్ము రెండులక్షలు. అమ్మాయి కళాశాల రుసుము ప్రక్కన బెట్టినది గనుక దానిని ముట్టరాదు. ఇంతలో మావారు, "పద్మిని యొకటి చౌకగా వచ్చుచున్నది, రెండు పనులకును సరిపోవు" ననిరి. "ఏమండీ! ఇంటికి ఒక దేవర చాలును. రెండవవారికికూడ నైవేద్యము మనము పెట్టలేము" అంటిమి. వారు నవ్విరి, ఆ మాట అంతటితో ముగిసెను.

నలోపాఖ్యానమున బాహుకుడు ఋతుపర్ణుని రథమునకు బలిసిన గుఱ్ఱములను విడిచి, చిక్కినవానిని ఏఱుకొనెను. రాజు సందేహింపగా, వాని సులక్షణములను చూపి ఒప్పించెను. పాతకారు కొనువారికి ఇంతకుమించిన పాఠము లేదు. క్రొత్తరంగు బలిసిన గుఱ్ఱము వంటిది. చూడవలసినది లోపలి లక్షణము.

మొదట విజయవాడలో నొక తెల్లకారును చూచితిమి. మెఱుపు మెండు, ధర తక్కువ. తలుపు తీయగానే అత్తరువాసన గుప్పుమనెను. దానిక్రింద తడిసిన గోనెవాసన. మేము సీటుబెల్టును మొదలంట లాగి చూచితిమి. చివరిమూర బూడిదరంగు బురదచారతో నుండెను. కాలిక్రింది పట్టాను ఎత్తగా, మూలలలో ఒండ్రు. 2024 సెప్టెంబరున బుడమేరు పొంగి విజయవాడలో ఎన్నియో వాహనములు మునిగినవి గదా! ఆ బుడమేరు వచ్చి చేరునది మన కొల్లేటిలోనే. ఆ ఒండ్రురంగు మనకు క్రొత్త కాదు. మునిగిన బండిలో తీగెల కీళ్లు లోలోపల తుప్పుపట్టి, నెలల తరువాత పనిచెఱచును. నమస్కరించి వచ్చివేసితిమి.

పిమ్మట తాడేపల్లిగూడెమున నొక విశ్రాంత యుద్యోగి యింట 2014 నాటి ఆల్టో 800 దొరకినది. రంగు వెలసినది, తలుపున నొక సొట్ట. ఇంజను చల్లగా నున్నపుడే నడిపించి చూపుమని ముందే చెప్పియుంటిమి. వేడియెక్కిన యింజను తన రోగమును దాచును. నీలిపొగ వచ్చినచో నూనె మండుచున్నదని గుర్తు, రాలేదు. మన ప్రాంతపు చెమ్మకును, చేపల లారీలనుండి కారు నీటికిని అడుగురేకు తుప్పుపట్టుట సహజము గనుక మేస్త్రీచే క్రిందిభాగమును పరీక్షింపజేసితిమి.

మేము తాళము పుచ్చుకొనగా ఆ పెద్దమనిషి, "అమ్మగారు నడుపుదురా?" అని వింతపడెను. 1888లో జర్మనీ దేశమున, కార్ల్ బెంజి చేసిన బండిని ఆయన భార్య బెర్తా తన యిరువురు కుమారులతో మాన్‌హైమ్ నుండి ఫోర్ట్స్‌హైమ్‌నకు నూఱు కిలోమీటర్లకు పైగా నడిపినది. ఇంధనపుగొట్టము పూడుకొనగా టోపీసూదితో పొడిచి బాగుచేసినది. కారునకు తొలి దూరప్రయాణపరీక్ష చేసినది ఇల్లాలే! గతుకులలో నొకమారు, వంతెన యెత్తున నొకమారు మేమే నడిపి, బ్రేకు ఒకప్రక్కకు లాగకుండుట చూచితిమి. లక్షా డెబ్బదియైదువేలకు బేరము కుదిరెను. మిగిలిన పాతికవేలును టైర్లకు, బ్యాటరీకి, పేరుమార్పునకు ఉంచితిమి. ఉన్నదంతయు బేరములోనే పోసినవారికి బండి తొలినెలలోనే బరువగును.

కాగితముల విషయము మఱువరాదు. మొదటి రిజిస్ట్రేషను 15 ఏండ్లకు గనుక ఈ బండికి 2029 వఱకు గడువు కలదు. బ్యాంకు అప్పు తీరిన పత్రమును, బాకీయున్న చలానులను విచారింపవలెను. 29, 30 నంబరు ఫారములపై సంతకములు చేయించి వెంటనే పేరు మార్పించుకొనవలెను. బీమా మార్పునకు 14 దినములలో దరఖాస్తు పెట్టవలెను. రిజిస్టరులో పేరున్నవారే యజమాని యని, ప్రమాదబాధ్యత వారిదేయని 2018లో సుప్రీముకోర్టు తీర్పు చెప్పినది. కావున తొందర అమ్మినవారికిని ఉండవలెను.

ఇప్పుడు చికిత్సదినములలో అత్తగారిని మేమే తీసికొనిపోవుచున్నాము. అంబాసిడరు పాకలో నిశ్చింతగా నున్నది. మావారికిని దానిపై ప్రీతి ఇనుమడించినది, ఏలయన దానిని తిట్టుకొనవలసిన యుదయములు తొలగినవి. సోదరీమణులారా! ఇంటిలో పురుషులకు ముచ్చటవస్తువు ఒకటి యున్నచో దానిని తెగనమ్మింపకుడు. దానిచేత చేయింపరాని చాకిరిని మాత్రము చేయింపనీయకుడు. బండి బేరమునకు పోవునపుడు వెంట పొండు. సీటుబెల్టును మొదలంట లాగి చూడుడు.