ఒక్క వార్తకి రేటు లేదు

ఏజెన్సీలో టీచర్ పోస్టులు నూటికి నూరు మనకే అన్న జీవో 3ని సుప్రీంకోర్టు 2020 ఏప్రిల్‌లో కొట్టేసింది కదా. దాని మీద ఒక ఇంగ్లిష్ పేపర్లో మంచి వ్యాసం ఉందంటే హాస్టల్లో నలుగురం ఫోన్ తీశాం. రెండు పేరాలు కనిపించి ఆగిపోయింది. మిగతాది చదవాలంటే చందా కట్టాలట!

చార్మినార్ దగ్గర ఒక్క చాయ్‌కి ఫోన్‌పే చేస్తాం, ఏడాది చాయ్ కొనమని ఎవరూ అనరు. వ్యాసానికి ఐదు రూపాయలంటే మేమూ ఇస్తాం, రాసినవాళ్లకీ కూలి గిట్టాలి. నెదర్లాండ్స్‌లో బ్లెండిల్ 2014 నుంచి అలా విడిగా అమ్మింది, 2019లో అదీ చందాకే మారింది.

నయాపూల్ దాటితే అఫ్జల్‌గంజ్‌లో 1891 నాటి స్టేట్ సెంట్రల్ లైబ్రరీ ఉంది. అక్కడికి నడిచెళ్లి పేపర్లు చదువుతున్నాం. ఊళ్లో ఉన్న తమ్ముళ్లూ చెల్లెళ్లూ, మీకు ఏ వార్త కావాలో చెప్పండి, తెలుగులో రాసి పెడతాం.